పాదపము చెప్పు త్యాగధర్మము

ప్రాతఃకాలమున స్నానము చేసి, తులసికోట చుట్టును ప్రదక్షిణము చేసి, మొదట చెంబెడు నీరు పోసి నమస్కరించుట మన గృహిణులకు అనూచానముగ వచ్చుచున్న ఆచారము. మరునాటి యుదయమునకు మన్ను పొడిబారి యుండును. మరల ఒక చెంబు నీరు పోయుదురు. ఏడాది పొడుగునను ఇట్లు పోసిన నీటిని లెక్కపెట్టినచో అది కొన్ని వందల చెంబులగును. మొక్క మాత్రము మూరెడెత్తుననే యున్నది. ఆ నీరంతయు ఎక్కడికి పోయినది? కొంత మన్నులో నుండియే ఆవిరియైనది. వేళ్లు త్రాగిన దానిలోనైనను మొక్క తనకై నిలుపుకొన్నది అత్యల్పము. 100 పాళ్లు త్రాగినచో 95 పాళ్లకు పైగా ఆకుల మార్గమున గాలిలోనికి విడిచివేసినది.

ఈ మాట వినినంతనే మనకొక సందేహము కలుగును. ఇంతటి వ్యయము దేనికి? నిలుపుకొనని దానిని త్రాగుట యెందులకు? ఈ సందేహము మొక్క విషయమున మాత్రమే కాదు, మనుష్యుని విషయమునను కలదు. ఇచ్చినకొలదిని తరుగును గదా, దాచుకొన్నవాడే తెలివిగలవాడు కాడా యని లోకము అడుగుచున్నది. జీవితమంతయు సంపాదించి, బిడ్డలకు పంచి, ధర్మకార్యములకు వెచ్చించి, వార్ధక్యమున ఒట్టిచేతులతో అరుగుమీద కూర్చున్న గృహస్థు సైతము "నేను చేసినది వివేకమా, వెర్రియా?" యని తనలో తాను ప్రశ్నించుకొనుచున్నాడు. ఈ ప్రశ్నకు పెద్దలు చెప్పు సమాధానము మనము పలుమారులు విన్నదే. చెట్టు చెప్పు సమాధానమేమో ఇచట విచారింతము.

చెట్టునకు గల పర్యాయపదములలో 'పాదపము' ఒకటి. పాదములతో పానము చేయునది యని దాని యర్థము. మహాభారతము శాంతిపర్వమున భృగు భరద్వాజ సంవాదము కలదు. వృక్షములకు ప్రాణము ఉన్నదా యని భరద్వాజుడు సంశయింపగా, భృగుమహర్షి పలు నిదర్శనములు చూపి, తామరతూడును నోట పెట్టుకొని నీటిని పైకి పీల్చినట్లు, వాయువుతో కూడి చెట్టు తన పాదములతో నీటిని త్రాగునని చెప్పెను. ఇది ఉపమానమేగాని ప్రయోగము కాదు. దీనిని చూపి నేటి శాస్త్రమంతయు మనవారికి ముందే తెలియునని డంబము పలుకుట తగదు. ఐనను ఆ ఉపమానమునందు గమనింపదగిన విషయములు రెండు కలవు. నీరు పైకి పీల్చబడుచున్నదనుట యొకటి. ఆ పనిలో గాలికిని భాగము కలదనుట రెండవది. శాస్త్రజ్ఞులు చిరకాలము శ్రమించి చేరిన నిర్ణయమునకు ఈ రెండు మాటలును దూరమైనవి కావు.

ముందు వేరును చూతము. వేరు కొనకు కొంచెము ఎగువన కంటికి నూగువలె కనుపించు మూలకేశములుండును. మట్టిరేణువుల నడుమ నంటుకొనియున్న నీటిపొరను, అందు కరిగియున్న లవణములను గ్రహించునవి ఇవియే. మొక్క బ్రతుకునకు 17 మూలపదార్థములు ఆవశ్యకములని నేటి శాస్త్రము. వానిలో మూడింటిని అది గాలినుండి, నీటినుండి పొందును. నత్రజని, భాస్వరము, పొటాషియం, కాల్షియం, ఇనుము మొదలగు తక్కిన 14 మట్టినుండి రావలసినవే. ఐతే మట్టిలో నున్నదెల్ల లోనికి పోవుటకు వీలులేదు. వేరు నడిమి భాగమును చుట్టి అంతశ్చర్మమను కణముల వరుస యొకటి కలదు. ఆ కణముల గోడలలో మైనము వంటి పదార్థముతో నేర్పడిన పట్టీ యుండి, సందులగుండ జారిపోవు దారిని మూసివేయును. అచటికి వచ్చిన నీరును, లవణమును ప్రాణముగల కణపుపొరను దాటియే ముందునకు పోవలెను. దేవాలయమున ద్వారపాలకుల యెదుట నిలిచి గర్భాలయమునకు పోవునట్లున్నది ఈ యేర్పాటు. పుచ్చుకొనుటలో వివేకము చూపిన పిమ్మటనే ఇచ్చుట గురించిన మాట. ప్రతిగ్రహము విషయమున మన ధర్మశాస్త్రములు అంత కట్టుదిట్టము చేయుటకును కారణమిదియే.

అంతశ్చర్మమును దాటిన నీరు దారునాళములలో ప్రవేశించును. ఈ నాళములు వేరు మొదలుకొని ఆకు ఈనెల చివరవరకు వ్యాపించిన సన్నని గొట్టములు. వీని పుట్టుక ఆశ్చర్యకరము. మొదట ఇవియు ప్రాణముగల కణములే. అవి తమ గోడలను దృఢపరచుకొని, పిమ్మట తమ లోపలి జీవపదార్థమునంతయు కోల్పోయి మరణించును. మరణించి లోపల శూన్యమైన తరువాతనే వానిలో నీరు సాగును. చెట్టునందలి బ్రతికిన ఆకులకెల్ల నీరు చేర్చు మార్గము గతించిన కణములు విడిచిపోయిన మార్గమే. ఎవరో పూర్వులు త్రవ్వించిన కోనేట స్నానమాడి, ఎవరో కట్టించిన మంటపపు నీడను నిలుచు మనకు ఈ సంగతి బోధపడుట కష్టము కాదు.

ఇక నీటిని పైకెత్తునది యెవరు? గొట్టమునుండి గాలిని పూర్తిగ తొలగించినను, బయటి గాలి యొత్తిడి నీటిని సుమారు 10 మీటర్ల యెత్తునకే నిలుపగలదు. మన కొబ్బరిచెట్లలో ననేకము అంతకు మించి పెరుగును. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమునగల రెడ్‌వుడ్ వృక్షములలో నొకటి 115 మీటర్లకు పైగా పెరిగినది. దానిని 2006లో గుర్తించిరి. అంతయెత్తుననున్న చిగురుటాకునకును నీరందుచున్నది. చప్పుడు లేదు, యంత్రము లేదు, గుండెకాయ వంటి అవయవమును లేదు.

వేళ్లు క్రిందినుండి నెట్టుచున్నవేమో యని కొందరు తలచిరి. వేళ్లకు అట్టి యొత్తిడి కొంత లేకపోలేదు. తెల్లవారుజామున వరి నారుమడికి పోయి చూచినచో ప్రతి ఆకు కొనను ఒక ముత్యము వంటి నీటిబొట్టు నిలిచియుండును. దానిని మనము మంచుబిందువందుము. అందు చాలభాగము రాత్రివేళ వేళ్లు పైకి నెట్టిన నీరే. కాని ఆ బలము చిన్న మొక్కకు చాలునేగాని మహావృక్షమునకు చాలదు.

ఇంగ్లండు దేశపు మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ కుండీలోని పొద్దుతిరుగుడు మొక్కను ప్రతిదినము ఉదయమును సాయంకాలమును తూచి, అది పగటివేళ సగటున అరకిలోకు మించిన నీటిని విడుచుచున్నదని 1727లో ప్రచురించిన గ్రంథమున వ్రాసెను. 19వ శతాబ్ది చివర స్ట్రాస్‌బర్గర్ అను పండితుడు నరికిన చెట్ల మొదళ్లను విషద్రవములలో నుంచి, మాని కణములు చచ్చినను ద్రవము పైకెక్కుట మానలేదని చూపెను. మన దేశపు జగదీశ చంద్ర బోసు సజీవకణముల స్పందనమే రసమును పైకెక్కించునని 1923లో వెలువడిన గ్రంథమున వాదించెను. ఆయన నిర్మించిన యంత్రముల సూక్ష్మతను లోకము కొనియాడినను, ఈ సిద్ధాంతమును మాత్రము తరువాతివారు అంగీకరింపలేదు. 1894లో డబ్లిన్ నగరమున డిక్సన్, జోలీ అను నిరువురు ప్రతిపాదించిన మార్గమే నేటికి నిలిచినది. దాని సారమిది: నీటిని ఎత్తునది వేరు కాదు, మాను కాదు. ఆకు విడిచిన నీరే క్రింది నీటిని పైకి లాగుచున్నది.

ఆకునందు, విశేషముగ దాని అడుగువైపున, కంటికి కానరాని పత్రరంధ్రములు అసంఖ్యాకముగ కలవు. సూర్యుడు ఉదయించి అవి తెరచుకొనగానే లోపలి తడిగోడలనుండి నీరు ఆవిరియై పోవును. నీటి కణములకు ఒకదానినొకటి విడువని స్వభావము కలదు. దారమున గ్రుచ్చిన పూసలలో కొన పూసను లాగినచో దండయంతయు కదలినట్లు, ఆకునుండి పోయిన ప్రతి కణమును తన వెనుకటి దానిని లాగును. ఆ లాగుడు ఈనెకు, ఈనెనుండి కొమ్మకు, కొమ్మనుండి మానునకు, అచటనుండి వేరునకు చేరును. ఆ నీటివెంట మట్టిలోని లవణములును ఆకునకు వచ్చి చేరును. కావున మొదట మనము వృథావ్యయమని తలచినదే చెట్టునకు ఆహారమును తెచ్చిపెట్టు శక్తి. విడుచుట ఆగినచో లాగుటయు ఆగును. తులసి విడిచివేసిన ఆ 95 పాళ్లే తక్కిన కొంచెమును దానికి చేర్చినవి.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. అది న్యాయమైన ఆక్షేపణయే. "చెట్టు దానము చేయుట లేదు. దానికి బొగ్గుపులుసు వాయువు కావలెను. అందుకై తలుపు తెరచినది. తెరచిన తలుపునుండి నీరు పోయినది. ఇది నష్టమేగాని త్యాగము కాదు. దీనిని ధర్మమనుట కవుల మాట" యని. నిజమే. వాయుకణము నొకదానిని లోనికి గ్రహించుటకు ఆకు కొన్ని వందల నీటికణములను పోగొట్టుకొనును. చెట్టునకు సంకల్పము లేదు. సంకల్పము లేనిచోట పుణ్యమును లేదు. కాని ఈ యాక్షేపణలోనే మనకు కావలసిన విషయము దొరకుచున్నది. వచ్చు దారియు పోవు దారియు ఒకటే. నీరు పోరాదని తలుపు మూసికొన్న ఆకునకు గాలియు రాదు. ఎండ యున్నను, నీరున్నను, అది తన ఆహారమును వండుకొనజాలదు. నష్టమునకు సంపూర్ణముగ మూసికొన్నది లాభమునకును మూసికొన్నదగుచున్నది. చెట్టునకు ఇది ప్రకృతినియమము. మనుష్యునకు మాత్రము తలుపు తీయుటయు మూయుటయు అతని చేతిలో నున్నది. అందువలననే చెట్టునందు నియమమైనది మనయందు ధర్మమగుచున్నది. త్యాగముచేతనే అనుభవింపుమని ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమున బోధించినది ఈ యర్థమునే. అనుభవమునకు త్యాగము అడ్డుకాదు. అదియే దానికి వాకిలి.

ఐనచో ఎంతైనను, ఎప్పుడైనను ఈయవలసినదేనా? చెట్టు అట్లు చెప్పుట లేదు. వేసవి మధ్యాహ్నమున మట్టి యెండినపుడు ఆకు తన రంధ్రములను ముడుచుకొనును. పత్రరంధ్రమునకు ఇరువైపుల నుండు రక్షకకణములు ఈ పనికై యేర్పడినవి. నీరు కొరవడినపుడు మొక్కలో పుట్టు ఒక రసాయనము వానికి సందేశమగును. వేరు అందింపగల దానికి మించి ఆకు విడిచినచో, నాళములోని నీటిదండ తెగి గాలిబుడగ యేర్పడును. ఆ నాళము ఇక నీటిని మోయజాలదు. అట్టి నాళములు ఎక్కువైనచో కొమ్మయే ఎండిపోవును. కలబంద, నాగజెముడు వంటివి పగలెల్ల తలుపులు బిగించుకొని, రాత్రి చల్లదనమున తెరచుకొనును. ఎడారినేలలో వాని ధర్మమది. దానికి తగినట్లే వాని పెరుగుదలయు నెమ్మదిగ నుండును.

పదిమందిలో పేరు రావలెనని అప్పుచేసి ఉత్సవమునకు చందా వ్రాసి, పిమ్మట ఇల్లాలి పుస్తెలను తాకట్టు పెట్టినవారు మన యూళ్లలో లేకపోలేదు. భగవద్గీత 17వ అధ్యాయమున దానమును సాత్త్వికము, రాజసము, తామసము అని మూడు విధములుగ విభజించి, దేశమును కాలమును పాత్రను గమనించి, ప్రతిఫలము కోరక ఇచ్చినదే సాత్త్వికమని భగవానుడు చెప్పెను. దాత తన వేళ్లలోని తడినికూడ చూచుకొనవలెను. ఇంటివారి నోటికూటిని తెచ్చి హుండీలో వేయుమని ఏ దేవుడును అడుగలేదు. అయితే ఈ మాటను లోభి తన కవచముగ చేసికొనరాదు. మధ్యాహ్నము మూసికొన్న ఆకు ఎండ తగ్గగానే మరల తెరచుకొనును. ఏడాది పొడుగునను "కాలము బాగులేదు" అను వానిది ఆకు నీతి కాదు.

ఇంతవరకు చెప్పినది నీరు ఎక్కు మార్గము. చెట్టులో మరియొక మార్గము కలదు. ఆకు వండిన చక్కెర రసము బెరడు లోపలి పొరయందలి సజీవనాళములలో పయనించును. ఆకులో చక్కెర చేరిన నాళములోనికి ప్రక్కనున్న దారునాళమునుండి నీరు వచ్చి ఒత్తిడి పెరుగును. ఆ యొత్తిడివలన రసము చక్కెర తక్కువైన తావునకు ప్రవహించును. దీనిని జర్మనీ దేశపు మ్యూంఖ్ 1930లో విపులముగ నిరూపించెను. ఈ రసమునకు పైకి క్రిందికి అను నియమము లేదు. ఆకలిగొన్న వేరున్నచో క్రిందికి, మొగ్గయో పిందెయో యున్నచో దానివైపునకు పోవును. అక్కర ఎచట కలదో అచటికి దారి.

ఇందు లేతాకు చరిత్రము మన గృహస్థాశ్రమమును తలపునకు తెచ్చును. చిగురు తన ఆహారమును తాను వండుకొనలేదు. ముదురాకులు పంపిన రసముతో పెరుగును. సగము పెరిగిన పిదప క్రమముగ తానే వండి ఇతరులకు పంపసాగును. ఒకసారి ఇచ్చు స్థితికి వచ్చిన ఆకు సాధారణముగ మరల పుచ్చుకొనదు. పై కొమ్మల నీడ తనమీద పడి వండుటకు వెలుగు చాలకపోయినను దానికి రసము తిరిగిరాదు. ఇది కొంచెము కఠినముగ తోచును. ఐనను ఆ పండుటాకు కోపగించి తన సొత్తును మూటకట్టుకొని రాలుట లేదు. రాలుటకు పూర్వము తనలోని నత్రజనిలో ఇంచుమించు సగమును, భాస్వరమును, పొటాషియమును కొమ్మకు తిరిగి ఇచ్చి, ఆ పిదప పసుపుబారి విడివడును. ఈయరాక మిగిలిన కాల్షియం మొదలగునవి ఆకుతోపాటు మట్టిలో కలిసి, మరల వేళ్లకే అందును.

అరుగుమీద ఒట్టిచేతులతో కూర్చున్న ఆ గృహస్థుని ఇచట మరల తలచుకొనవలెను. ఆయన ఇచ్చినది పోలేదు. ఆయన పంపిన రసమే చిగురై, పువ్వై, పిందెయై ఆ యింట ఉన్నది. ఈ మాట చెప్పి ఆ వృద్ధుని నోరు మూయించి, కొడుకులు కోడండ్రు తమ కర్తవ్యమును తప్పించుకొనుటకు వీలులేదు. ముదురాకును పోషింపకపోవుట చెట్టునకు చెల్లినది. దానికి వేరొక విధము తెలియదు. మనుష్యునకు తెలియును. తల్లిని, తండ్రిని దైవముగ భావింపుమని తైత్తిరీయోపనిషత్తు గురుకులమును విడుచు శిష్యునకు ఆదేశించినది. ప్రకృతి చూపిన త్యాగమును పెద్దలు నేర్చుకొనవలెను. ప్రకృతికి లేని కృతజ్ఞతను పిన్నలు చూపవలెను. చెట్టునుండి మనము నేర్చుకొనవలసినది ఎంతయో, దానిని దాటి నడువవలసినది కొంత ఉన్నది.

ఇటలీ దేశపు మాల్పీగీ 17వ శతాబ్దియందు చెట్టు బెరడును చుట్టును ఉంగరమువలె ఒలిచి చూచెను. ఒలిచిన తావునకు పైభాగము ఉబ్బినది. ఆకులు వండిన రసము క్రిందికి దిగు దారి తెగి అచట నిలిచిపోయినది. పైకి చూచువారికి అది బలిసినట్లుండును. దారు నాళములు లోపల చెడలేదు గనుక కొంతకాలము ఆకులును పచ్చగనే యుండును. కాని వేళ్లు ఆకలితో క్షీణించును. వేళ్లు పోగా నీరు పోవును. నీరు పోగా బలిసిన ఆ కొమ్మయే ఎండును. పట్టణమున స్థిరపడి పైకి వచ్చి, తన్ను పెంచిన పల్లెకును, పాఠశాలకును, తల్లిదండ్రులకును దారి తెంచుకొన్నవాని సంపద ఈ యుబ్బు వంటిది.

చివరగా ఒక మనవి. అనేక దేవాలయముల ఆవరణలలో రావి, వేప, మారేడు వృక్షములు పూజలందుకొనుచున్నవి. భక్తితోనే వాని మొదలంటునట్లు సిమెంటు గచ్చు చేయించుచున్నాము. మానునకు మేకులు కొట్టి పటములు తగిలించుచున్నాము. దీపపు తోరణములకై ఇనుపతీగ బిగించుచున్నాము. బెరడునకు తగులునట్లు దీపములు వెలిగించుచున్నాము. వేళ్లు లవణములను గ్రహించుటకు శక్తి కావలెను, ఆ శక్తికి ఊపిరి కావలెను. గచ్చు క్రింద గాలియు నీరును అందవు. బిగించిన తీగ ఏండ్లు గడచినకొలది బెరడులో దిగి మాల్పీగీ ఒలిచిన ఉంగరము చేసిన పనినే చేయును. ప్రదక్షిణము చేయువారి పాదములకు గచ్చు కావలసియున్నచో మొదటిచుట్టు కొన్ని మూరల మన్ను విడువుడు. పసుపుదారము కట్టుడు, తీగ కట్టకుడు. దీపమును కొంచెము ఎడముగ పెట్టుడు. మన పూజవలన ఆ పాదపము పాదములు ఎండరాదు.

భక్తుడు తనకు సమర్పించునది ఆకైనను, పువ్వైనను, పండైనను, నీరైనను చాలునని భగవానుడు గీత 9వ అధ్యాయమున సెలవిచ్చెను. ఆ నాలుగును చెట్టు మనకు నిత్యము చూపుచున్నవే. నాలుగును అది మట్టినుండి తీసికొని పైకెత్తి విడిచినవే. రేపు ప్రాతఃకాలమున తులసి మొదట నీరు పోయునపుడు ఆ చెంబెడు నీరు ఎంత దూరము పయనించి, ఎందరికి ఉపకరించి, మరల మేఘమై వచ్చునో ఒక్క క్షణము తలచుకొందము. మన చేతికి వచ్చినదియు మన చేతినుండి అట్లే, తగిన వేళ, తగినంత, తగినవారికి సాగిపోవునట్టి బుద్ధిని శ్రీమన్నారాయణుడు మనకు ప్రసాదించుగాక!